కాపలావాడికి అన్నం పెడితే?

ఆ మధ్య పాచికలతో ఆడే కథల ఆట ఒకటి తయారుచేయబోయాను. ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు పాత్రలవుతారు. కోటలోకి చొరబడి నిధి తేవాలి. నోటుబుక్కులో సగమే అయింది. పూర్తయ్యాక చూపిద్దామంటే అది పూర్తయ్యేలా లేదు. ఈ తరహా ఆటలకు ఆద్యమైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో అచ్చయింది. దాని సృష్టికర్తల్లో ఒకరైన గారీ గైగాక్స్ కూడా ముందు తన పిల్లలతోనే ఆడించి చూశాడు. సరేనని మా అమ్మాయినీ, దాని స్నేహితుల్నీ కూర్చోబెట్టాను.

ఐదు నిమిషాలకే, 'నాన్నా, కాపలావాడికి అన్నం పెట్టి మంచి చేసుకుంటే?' అంది. కొట్టడానికి నా దగ్గర పదకొండు రూల్సున్నాయి, మాట్లాడటానికి ఒక్కటీ లేదు! నిజం చెప్పొద్దూ, కోపమొచ్చింది. 'కుదరదు' అనబోయి తమాయించుకుని పాచిక వెయ్యమన్నాను. ఐదు పడింది. కాపలావాడు తలుపు తీశాడు.

పక్కింటి బాబు మాత్రం 'బోర్ అంకుల్' అంటూ క్యారమ్స్‌కి వెళ్లిపోయాడు. అదీ రాసుకున్నాను.