ఫ్రెంచి, స్పానిషు భాషలయందు పట్టము గోరు విద్యార్థులకు

మన పాఠశాల వార్షిక సంచికకు పూర్వవిద్యార్థులు తాము చదివిన చదువును గూర్చి కొన్ని మాటలు వ్రాసి పంపవలెనని సంపాదకవర్గమువారు కోరియున్నారు. నేను చదివినది ఫ్రెంచిభాష. దానికి తోడుగా నేర్చినది స్పానిషు. ఈ మాట చెప్పినంతనే మన పెద్దలు అడుగు ప్రశ్న యొక్కటే: "అది చదివిన నేమి వచ్చును?" విద్యార్థు లడుగు ప్రశ్న వేఱు: "అది చదువుటకు మాకేమి యుండవలెను?" రెండును న్యాయమైన ప్రశ్నలే. తలిదండ్రులును, బిడ్డలును, ఉపాధ్యాయులును గూడ చదువు సంచిక గనుక రెంటికిని నాకు దెలిసినంతవఱకు సమాధానము వ్రాయుచున్నాను.

ముందుగా ఒక మాట. ఈ భాషలు మన దేశమునకు కేవలము క్రొత్తవి కావు. మచిలీపట్టణమున నేటికిని ఫ్రెంచిపేట యను పేట యున్నది. 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధమును పాడు జంగములు బుస్సీదొర పేరు మఱవలేదు. కాకినాడకు చేరువ నున్న యానాము 1954 వఱకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. అంతకంటె మనము గర్వింపదగిన సంగతి మఱియొకటి కలదు. కూర్దూ అను ఫ్రెంచి పాదిరీ తెలుగుదేశమున సువార్తసేవ చేయుచు మన భాషను, సంస్కృతమును చక్కగా నేర్చి, సంస్కృతమునకును లాటిను, గ్రీకు భాషలకును గల చుట్టఱికమును 1767లోనే పారిసు పండితులకు వ్రాసి పంపెను. సర్ విలియం జోన్సుగారు కలకత్తాలో అదే విషయమును ప్రసంగించినది 1786లో. ఒక పరభాషను శ్రద్ధతో నేర్చిన మనుష్యుడు లోకమునకు ఎంతటి మేలు చేయగలడో తెలియుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇక నియమముల విషయము. మన దేశమున ఈ భాషలయందు బి. ఏ. పట్టము నిచ్చు విశ్వవిద్యాలయములలో హైదరాబాదు నందలి ఆంగ్ల విదేశీభాషల విశ్వవిద్యాలయము మనకు దగ్గఱిది. 1958లో ఆంగ్లబోధనకై స్థాపింపబడిన సంస్థయే క్రమముగా పెరిగి 2007లో కేంద్ర విశ్వవిద్యాలయ మయ్యెను. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునందును, ఢిల్లీ విశ్వవిద్యాలయమునందును ఫ్రెంచి, స్పానిషు రెండును ఆనర్సు చదువులుగా నున్నవి. ఇంటర్మీడియెటు లేక దానితో సమానమైన పరీక్షలో నిర్ణీతమైన మార్కులతో ఉత్తీర్ణులైనవారు వీనికి అర్హులు. గణితము చదివిరా, చరిత్ర చదివిరా అను భేదము సాధారణముగా లేదు. కేంద్ర విశ్వవిద్యాలయములకు ఉమ్మడి ప్రవేశపరీక్ష 2022 మొదలు జరుగుచున్నది. దానిని తెలుగుతో గూడ 13 భాషలలో వ్రాయవచ్చును. అయినను విదేశీభాషల చదువు గోరువారు ఆంగ్లమున గట్టిగా నుండుట మేలు. నియమములు ఏటేట మారును గావున, నా వ్రాతను గాక ఆ యేటి ప్రకటననే ప్రమాణముగా గైకొనుడు.

ఇందు మనవారు నమ్మని సంగతి యొకటి యున్నది. మన దేశమున బి. ఏ. మొదటి సంవత్సరమున చేరుటకు ఫ్రెంచి గాని స్పానిషు గాని ముందుగా వచ్చియుండవలెనను నిర్బంధము సామాన్యముగా లేదు. అక్షరములనుండియే పాఠము మొదలగును. ఇంగ్లండులో నట్లు కాదు. అచ్చట ఫ్రెంచి పట్టమునకు చేరువారు పాఠశాలలోనే ఆ భాషను పైతరగతివఱకు చదివియుండుట వాడుక. స్పానిషును మాత్రము మఱియొక భాషతో జతగా మొదటినుండి నేర్చుకొనుటకు పలుచోట్ల అవకాశ మిత్తురు. ఫ్రాన్సు దేశమునకే పోయి అచ్చటి భాషలో చదువదలచినవారికి సాధారణముగా "బి 2" అను మెట్టు వలయును. ఈ మెట్లు ఐరోపా మండలి 2001లో ప్రకటించినవి: ఏ 1 మొదలు సి 2 వఱకు మొత్తము ఆఱు. ఫ్రెంచిలో డెల్ఫు, డాల్ఫు పరీక్షలును, స్పానిషులో డేలే పరీక్షయు ఈ మెట్లను బట్టియే జరుగును. మన దేశమున మొదటివానిని ఆలియాన్సు ఫ్రాన్సేజు శాఖలును, రెండవదానిని ఢిల్లీలోని సెర్వాంటెసు సంస్థయు నడుపుచున్నవి.

ప్రకటనలలో వ్రాయని యర్హతలు వేఱే కలవు. వానిలో మొదటిది మాతృభాషా వ్యాకరణము. నేను విశ్వవిద్యాలయమున చేరిన దినములలో నా తరగతిలో సగమునకు పైగా నగరపు బడులలో ఫ్రెంచిని రెండవ భాషగా చదివి వచ్చినవారే యుండిరి. వారు అప్పటికే గడగడ చదువుచుండిరి. నాకు "బోంజూర్" తప్ప మఱేమియు రాదు. అయినను మూడవ నెల గడచునప్పటికి నాకు ధైర్యము వచ్చెను. అది మన తెలుగు పండితులవారి చలవయే. ఫ్రెంచిలో "ల" అను పదము "అమీ" యను పదముతో గూడినపుడు నడిమి అచ్చు లోపించి "లామీ" యగునని ఆచార్యులు బోధింపగా, తక్కినవారు దానిని ఒక వింత నియమముగా వ్రాసికొనిరి. రాముడు, అతడు కలిసి "రాముడతడు" అగుట చిన్ననాడే వల్లించిన నాకు అది పరిచితమైన సంధియే. బహువచనమున "లే" యనుదానికి "అమీ" చేరగా నడుమ జకారమువంటి ధ్వని పలికి "లెజామీ" యగుటయు నాకు వింత గాలేదు. సంధులు, విభక్తులు ఎందుకు పనికివచ్చునని విసుగుకొను తమ్ములును చెల్లెండ్రును ఈ సంగతి గుర్తుంచుకొందురుగాక.

రెండవది చెవి. స్పానిషు ఉచ్చారణ మనకు మిగుల అనుకూలము. దాని అచ్చులు ఐదే, అన్నియు మనకున్నవే. "పెరో" అనిన "కాని" యని అర్థము. "పెఱ్ఱో" అనిన కుక్క. ఆంగ్లేయులు ఈ భేదమును పలుకుటకు మిక్కిలి శ్రమపడుదురు. రేఫ శకటరేఫములను ఎఱిగిన మనకు భయమేల? ఫ్రెంచి యట్లు కాదు. ద్రాక్షారసము, గాలి, "పోవుదురు" అను మూడర్థములు గల మూడు పదములు ఆ భాషలో ముక్కుతో పలుకు అచ్చుల భేదముచేతనే వేఱగుచున్నవి. వానిని తెలుగు లిపిలో వ్రాసిన ఇంచుమించు ఒక్క రీతిగనే కనబడును. కావున పరభాషను మన యక్షరములలో వ్రాసికొని వల్లించుట మానుడు. విని, విన్నదానిని మరల పలుకుడు. "ఉ" పలుకునట్లు పెదవులు గుండ్రముగా జేసి "ఇ" యనుటను నేను అద్దము ముందు నిలుచుండి నెలల తరబడి అభ్యసించితిని.

మూడవది ఓర్పు. మన భాషలో వచ్చితిని, వచ్చితివి, వచ్చెను అని క్రియయే కర్తను దెలుపును. స్పానిషులోను అంతే: "ఆబ్లో" అనిన నేను మాటలాడుదును, "ఆబ్లాస్" అనిన నీవు మాటలాడుదువు. నీవు, మీరు అను మర్యాదాభేదము రెండు భాషలలోను గలదు. ఇంతవఱకు సుఖమే. అటుపై కష్టము మొదలగును. ఫ్రెంచిలో బల్ల స్త్రీలింగము, పుస్తకము పుంలింగము. మనము చందమామ యని పిలుచు చంద్రుడు ఆ రెండు భాషలలోను స్త్రీ! తొంబదియేడు అనుటకు పారిసువారు "నాలుగిరువదులు పదియేడు" అందురు. దీనికి యుక్తి లేదు, అభ్యాసమే గలదు. మూడు మాసములలో ధారాళముగా మాటలాడింతుమని ప్రకటించిన ఒక శిక్షణాలయమున నా మిత్రు డొకడు రుసుము చెల్లించి, పలుకరింపులు మాత్రము నేర్చి తిరిగివచ్చెను. అమెరికా ప్రభుత్వము తన విదేశోద్యోగులకు నడపు శిక్షణాలయము, ఆంగ్లము మాతృభాషగా గలవారికే ఈ భాషలకు 600 మొదలు 750 గంటల బోధన వలయునని లెక్కకట్టినది. మన పల్లెలనుండి వచ్చినవారు అంతకు తక్కువలో ముగియునని తలపరాదు.

నాల్గవది పఠనాసక్తి. భాషలో పట్ట మనగా మాటలాడ నేర్చుట మాత్రమే కాదు. రెండవ సంవత్సరమునుండి సాహిత్యము, చరిత్ర, అనువాదము వచ్చును. మోలియేరు నాటకములు, విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన "లే మిజరాబ్లు", 1605, 1615 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడిన సెర్వాంటెసుగారి "డాన్ కిహోటే" మొదలగునవి చదువవలెను. చిలీ దేశపు బడిపంతులమ్మ గబ్రియేలా మిస్ట్రాల్ 1945లో నోబెలు బహుమానము నందెను. మన రవీంద్రుని గీతాంజలిని ఫ్రెంచిలోనికి దెచ్చినవాడు ఆంద్రె జీద్. ఆయన కవిత్వమును స్పానిషులోనికి దెచ్చినది సెనోబియా కంప్రుబీ యను విదుషి. కథలు చదువుట కిష్టము లేనివానికి ఈ చదువు భారమగును.

ఇప్పుడు తలిదండ్రులకు. ఇంటర్మీడియెటున గణితము చదివిన నేను ఇంజనీరింగు వదలి ఫ్రెంచికి పోవుదుననగా, రెండెకరముల రైతైన మా తండ్రిగారు కోపింపలేదు. "మూడేండ్ల పిమ్మట నీ కూడు నీవు తినగలవా?" అని మాత్ర మడిగిరి. తప్పక తినగలనని ప్రమాణము చేయుటకు నాకు నోరు రాలేదు. "పట్టముతో నాగను, నాన్నా, ఎం. ఏ. చేసి, బోధనార్హత సంపాదించి పంతులు నగుదును. అంతవఱకు సెలవులలో ట్యూషనులు చెప్పుకొందును" అంటిని. ఆయన ఒక రాత్రి ఆలోచించి, మఱునాడు ఒక యెడ్లను అమ్మిరి. ఆ యెడ్ల వెల నాకు నేటికిని జ్ఞాపకమే. పరీక్షకు చదువలేక నిద్ర వచ్చిన ప్రతి రాత్రియు అది నన్ను మేలుకొలిపెను.

కావున ఉన్నమాటయే చెప్పుదును. ఒక్క బి. ఏ. పట్టముతో మంచి యుద్యోగము వచ్చునని నమ్మరాదు. బోధన, అనువాదము, పర్యాటకము, విదేశీయులతో వ్యవహరించు వర్తకసంస్థలు, ఇవి ముఖ్యమైన త్రోవలు. సామాన్యమైన ఉత్తరములను నేడు యంత్రములే క్షణములో అనువదించుచున్నవి. కావున కొద్దిపాటి భాషతో జీవించు కాలము గతించినది. యంత్రము చేసిన తప్పును పట్టగలవానికి, ఎదుటి మనిషి మనసెఱిగి మాటలాడగలవానికి, చక్కగా బోధింపగలవానికి పని యుండును. భాషతోపాటు మఱియొక విద్య, అనగా న్యాయశాస్త్రమో, వాణిజ్యమో, లెక్కలో, చేత నుండిన ఇంకను శ్రేయస్కరము. ఇంటి యప్పులు తక్షణము తీర్పవలసిన బిడ్డలు ముందు ఒక వృత్తివిద్య చేపట్టి సాయంకాలపు తరగతులలో ఈ భాషలు నేర్చుట వివేకము. అందులో చిన్నతన మేమియు లేదు.

తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు ఇప్పటినుండి చేయదగిన పనులు నాలుగు: తెలుగు వ్యాకరణమును శ్రద్ధగా చదువుడు, ఆంగ్లమున దినమున కొక పుట వ్రాయుడు, ఇంటర్మీడియెటున ఫ్రెంచి రెండవ భాషగా దొరకిన చేరుడు, దొరకకున్న దిగులుపడకుడు, ఏ భాషయైనను బిగ్గఱగా చదువు నభ్యాసము చేయుడు.

స్పానిషువాడు బీరువాను "ఆర్మారియో" అనును, తువ్వాలను "తోఆయా" అనును, మేస్త్రిని "మాఎస్త్రో" అనును. ఓడలపై వచ్చిన పోర్చుగీసువారు విడిచిపోయిన అల్మారా, తువ్వాలు, మేస్త్రి మన పల్లెల నోళ్లలో నేటికిని మెలగుచున్నవి. ఆ పోర్చుగీసు భాష స్పానిషునకు తోబుట్టువు. చదువురాని మన అవ్వలే అన్ని దేశముల మాటలకు తమ యింట చోటిచ్చిరి. చదువుకొనిన మనము ఆ మాటల పుట్టింటికి పోయి చూచి రావలదా? ఈ సంవత్సరము మన పాఠశాలనుండి ఆ త్రోవ బట్టువారు ఒక్కరైనను ఉండిన, వారిని దేవుడు దీవించి, ఓర్పును, మంచి గురువులను అనుగ్రహించునుగాక.