ఊళ్లో స్థలం, ఇంగ్లండులో అద్దె

ఇంగ్లండులో అద్దెకు ప్రభుత్వ సాయం తీసుకుంటున్నామని మన తెలుగువాళ్లలో పైకి చెప్పుకునేవాళ్లు అరుదు. ఎవరికి ఎంత జీతమో తెలుస్తుంది, ఇంటి లోను వడ్డీ ఎంతో అడక్కుండానే చెబుతారు. బెనిఫిట్ మాట వస్తే మాత్రం పిల్లల చదువుల మీదికి వెళ్లిపోతారు. 2025 వేసవి నుంచి మా ఇంటికి ఆ సొమ్ము వస్తోంది. ఎంత వస్తోంది, దేనికి కోత పడింది, ఆ కోత చూసి ఊళ్లో స్థలం విషయంలో మేం ఏం చేశాం అన్నది రాస్తున్నాను. అంకెలన్నీ 2025-26 ఏడాదివి.

ముందు వీసా సంగతి. స్టూడెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్ వీసా, వాళ్ల డిపెండెంట్లు అందరికీ 'ప్రభుత్వ నిధులు వాడరాదు' అన్న షరతు ఉంటుంది. వాళ్లు దీని జోలికే పోకూడదు. వీసాకే ముప్పు. మా ఇద్దరికీ ఐఎల్ఆర్, అంటే గడువు లేకుండా ఇక్కడ ఉండే అనుమతి, ఉంది కాబట్టి ఆ షరతు లేదు. ఒకరికి ఐఎల్ఆర్ ఉండి, రెండోవారు ఇంకా వీసా మీదే ఉంటే లెక్క మారుతుంది. దరఖాస్తుకు ముందే ఇమ్మిగ్రేషన్ తెలిసినవారిని అడగాలి. హక్కు ఉన్నవాళ్లు నిజాయితీగా తీసుకున్న సాయం వల్ల సిటిజెన్‌షిప్ ఆగిపోతుందన్నది మాత్రం ఉత్త పుకారు.

అందరూ హౌసింగ్ బెనిఫిట్ అనే అంటారు కానీ, పెన్షన్ వయసు రానివాళ్లు కొత్తగా అడగాల్సింది యూనివర్సల్ క్రెడిట్. అద్దె సాయం అందులో ఒక భాగం. పాత హౌసింగ్ బెనిఫిట్ ఇప్పుడు ప్రధానంగా పెన్షన్ వయసు దాటినవాళ్లకే. అది కౌన్సిల్ దగ్గర అడగాలి.

ఐటీ కాంట్రాక్టు ముగిసి, నేను వేర్‌హౌస్‌లో వారానికి ముప్పై గంటల పనిలో చేరేనాటికి మేం మిడ్లాండ్స్‌లో మూడు బెడ్రూమ్‌ల ఇంట్లో ఉన్నాం. అద్దె నెలకు 1,150 పౌన్లు. ప్రైవేటు అద్దెకు ప్రభుత్వం ఇచ్చేది మనం కట్టే అద్దెను బట్టి కాదు. ప్రాంతానికో గరిష్ఠ పరిమితి ఉంటుంది, దాన్ని లోకల్ హౌసింగ్ అలవెన్స్ అంటారు. ఆ ప్రాంతపు అద్దెలన్నీ తక్కువ నుంచి ఎక్కువకు పేరిస్తే ముప్పయ్యో శాతం దగ్గర ఉండే అద్దె అది. చివరిసారి 2024 ఏప్రిల్‌లో సవరించి, తర్వాత అక్కడే ఆపేశారు. అద్దెలు మాత్రం ఆగలేదు.

ఎన్ని గదులకు ఇవ్వాలో కూడా వాళ్లదే లెక్క. భార్యాభర్తలం, ఒక పాప, అంటే రెండు బెడ్రూమ్‌లు. మూడో గది అమ్మానాన్న వస్తే ఉంటుందని పెట్టుకున్నది. విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలున్నా వాళ్లు ఈ లెక్కలోకి రారు. ముప్పై అయిదేళ్లు నిండని ఒంటరివాళ్లకైతే సాధారణంగా షేరింగ్ ఇంట్లో ఒక గదికి ఇచ్చే రేటే.

మా ప్రాంతంలో రెండు గదులకు వచ్చేది నెలకు 700 పౌన్లు. పాత ఇంట్లోనే ఉంటే ప్రతి నెలా 450 చేతినుంచి పడుతుంది. అందుకే దరఖాస్తు కంటే ముందు ఇల్లు వెతికాం. 750కి ఒకటి దొరికింది గానీ, నా తెల్లవారుజాము షిఫ్టుకు అక్కడినుంచి బస్సు లేదు. ఇంకో కారు కొంటే మిగిలేదేమీ లేదు. పాప బడికి దగ్గర్లో 895కి ఇంకొకటి తీసుకున్నాం. డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించి అడగకూడదని ఇంగ్లండులో 2019 నుంచి చట్టం ఉంది కాబట్టి అక్కడ పెద్ద దెబ్బ తగల్లేదు. ఇప్పుడు మా మీద పడే తేడా 195.

సంపాదన లెక్కకు వస్తే, పిల్లలు ఉండి అద్దె సాయం తీసుకునేవాళ్లకు చేతికొచ్చే జీతంలో నెలకు మొదటి 411 పౌన్లు వదిలేస్తారు. ఆపైన ప్రతి పౌనుకూ 55 పెన్నీల చొప్పున క్రెడిట్‌లో తగ్గిస్తారు. నా చేతికి 1,511 వస్తే 411 పోను 1,100, అందులో 55 శాతం అంటే 605 కోత. మా జంటకు 628.10, పాపకు 292.81, అద్దెకు 700 కలిపి 1,620.91. అందులో 605 పోతే 1,015.91 మిగలాలి.

మిగల్లేదు. కారణం సత్తెనపల్లి దగ్గరి స్థలం.

అమరావతి రాజధాని అన్న ఊపులో 2016లో కొన్న 200 గజాలు. యూనివర్సల్ క్రెడిట్ దరఖాస్తులో ఆస్తులు అడిగినప్పుడు ఈ దేశంలోవే అని అనుకోకూడదు. ఎక్కడున్నా చెప్పాలి. ఇండియాలో ఎఫ్‌డీలు, బ్యాంకులో డబ్బు, షేర్లు, మన పేరున ఉన్న స్థలం, అద్దెకిచ్చిన ఫ్లాటు అన్నీ లెక్కే. నాన్న పేరున ఉన్న ఇల్లు మనది కాదు. ఒంటిమీది నగలు వ్యక్తిగత వస్తువుల కిందికి పోతాయి. మొత్తం 6,000 పౌన్ల లోపు ఉంటే కోత లేదు. 16,000 దాటితే క్రెడిటే లేదు. మధ్యలో ఉంటే 6,000 దాటిన ప్రతి 250కి నెలకు 4.35 తగ్గిస్తారు.

"వాళ్లకేం తెలుస్తుంది, సత్తెనపల్లి వచ్చి చూస్తారా?" అన్నాడు ఒక మిత్రుడు. "అన్నయ్యా, నా పేరున గిఫ్టు డీడు రాసెయ్యి" అన్నాడు మా తమ్ముడు, మంచి మనసుతోనే. మొదటిది తప్పుడు వాంగ్మూలం. బయటపడితే తీసుకున్నదంతా తిరిగి కట్టాలి, కేసు కావచ్చు, సిటిజెన్‌షిప్‌కు నడవడిక చూసేటప్పుడు అడ్డుపడేది నిజంగా ఇదే. రెండోది కూడా పనికిరాదు. క్రెడిట్ కోసం ఆస్తి వదిలించుకున్నారని తేలితే అది ఇంకా మన దగ్గరే ఉన్నట్టు లెక్క కడతారు.

స్థలానికి చూసేది రిజిస్ట్రేషన్ విలువ కాదు, ఇవాళ అమ్మితే వచ్చే ధర. మాది 12 లక్షల చిల్లర, పౌన్లలో 10,500. అమ్మకం ఖర్చుల కింద పది శాతం తీసేస్తే 9,450. బ్యాంకులో 1,800. మొత్తం 11,250. కోత నెలకు 91.35.

దీన్ని ఏడాదికి వేసి చూస్తే 1,096 పౌన్లు, మన రూపాయల్లో లక్షా పాతిక వేలకు పైనే. అంటే 12 లక్షల స్థలాన్ని పట్టుకుని కూర్చున్నందుకు ఏటా పది శాతం కడుతున్నాం. ఆ స్థలం ఏటా పది శాతం పెరుగుతోందా అంటే, కొన్న నాటికీ ఇప్పటికీ పెద్ద తేడా లేదు. మరోపక్క ఉద్యోగం లేని నెలల్లో పేరుకున్న క్రెడిట్ కార్డు అప్పు 5,400, దాని వడ్డీ వేరే.

నాన్నకు ఈ లెక్క నచ్చలేదు. "భూమి అమ్ముకుని తింటావా?" అన్నారు. తినడానికి కాదు నాన్నా, అప్పు తీర్చడానికి అన్నాను. ఆ తేడా నా మాట కోసం పెట్టింది కాదు, రూలులోనే ఉంది. అప్పు తీర్చడానికి ఖర్చుపెట్టిన ఆస్తిని వదిలించుకున్నట్టు చూడరు. ఎన్నారై అమ్మితే కొనేవాడు టీడీఎస్ పట్టుకోవాలి కాబట్టి కాగితాలు ఆలస్యమయ్యాయి. అయినా అమ్మాం. కార్డు అప్పు కట్టేశాక మా దగ్గర 6,000 లోపే మిగిలింది, కోత ఆగింది. అమరావతి మళ్లీ ఊపందుకుంటే నాన్న నన్ను దెప్పుతారు. దెప్పనీ.

కొన్ని సంగతులు త్వరగా చెబుతాను. దరఖాస్తు పెట్టాక మొదటి సొమ్ముకు దాదాపు అయిదు వారాలు ఆగాలి. ఈలోపు అడ్వాన్సు ఇస్తారు, వడ్డీ లేదు, 24 నెలల్లో తగ్గించుకుంటారు. స్నేహితుల దగ్గర చేబదులు అడగడం కంటే ఇదే మేలనిపించి తీసుకున్నాను. జీతం నాలుగు వారాలకోసారి వచ్చేవాళ్లకు ఏడాదిలో ఒక నెల రెండు జీతాలు పడతాయి, ఆ నెల క్రెడిట్ బాగా తగ్గుతుంది. దానికి ముందే కొంత పక్కన పెట్టుకోవాలి. కౌన్సిల్ ట్యాక్స్ తగ్గింపు ఇందులో రాదు, కౌన్సిల్ దగ్గర విడిగా అడగాలి. చాలామంది వదిలేసుకునేది ఇదే.

అద్దె సొమ్ము మామూలుగా మన ఖాతాకే వస్తుంది, ఇంటివాళ్లకు మనమే కట్టాలి. మనవాళ్ల ఇళ్లలో నోటిమాట మీద గది తీసుకుని నగదు ఇచ్చే అలవాటు ఉన్నవాళ్లకు ఇక్కడే చిక్కు. రాతపూర్వక అగ్రిమెంటు, బ్యాంకులో అద్దె కట్టిన ఆధారం లేకపోతే నిరూపించుకోవడం కష్టం. మేం ఇల్లు వెతికేటప్పుడు ఒక ఏజెంటు 'బెనిఫిట్ వాళ్లకు ఇవ్వం' అన్నాడు. అలా గంపగుత్తగా కాదనడం చట్టవిరుద్ధమని 2020లోనే యార్క్ కౌంటీ కోర్టు చెప్పింది. ఆ తీర్పు సంగతి ఎత్తగానే వ్యూయింగ్‌కు టైమిచ్చాడు. అయినా ఆ ఇల్లు మేం తీసుకోలేదు.

ఐఎల్ఆర్ ఉండి జీతం పడిపోయినవాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో అడగడం మాని సిటిజన్స్ అడ్వైస్‌లో అడగండి, అక్కడ సలహా ఉచితం. అడిగాక ఆలస్యం చేయొద్దు. యూనివర్సల్ క్రెడిట్ దరఖాస్తు పెట్టిన రోజునుంచే లెక్క మొదలవుతుంది. అనారోగ్యం లాంటి కొన్ని కారణాలుంటే తప్ప వెనకటి రోజులకు ఇవ్వరు, ఆ కారణాలున్నా ఒక నెలకు మించి ఇవ్వరు.