నెత్తురూ నవ్వూ కలిసిన సినిమా పిల్లలకు చూపించొచ్చా?

2021 ఫిబ్రవరిలో వచ్చిన ప్రశాంత్ వర్మ సినిమా ‘జాంబీ రెడ్డి’ నెత్తురునూ నవ్వునూ ఒకే కుండలో వండింది. కర్నూలు వైపు ఫ్యాక్షన్ పగల నడుమ జాంబీలు మనుషుల్ని కరుస్తుంటే, పక్కనే గెటప్ శ్రీను నవ్విస్తుంటాడు. ఇలాంటి సినిమా టీనేజీ పిల్లలకు తగునా అంటే సెన్సార్ సర్టిఫికెట్ చెప్పేది సగం జవాబే.

‘ఎ’ సర్టిఫికెట్ ఉన్న సినిమాకు 18 ఏళ్లు నిండనివాళ్లను హాల్లోకి రానివ్వకూడదు. ‘యుఎ’ను 2023 చట్ట సవరణ 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడదీసింది. ఈ మెట్లు గేటు దగ్గర ఎవరినీ ఆపవు, అమ్మానాన్నలకు దారి చూపుతాయంతే.

అదే ఇళ్లలో సినిమా ఫోన్‌లో నడిచేటప్పుడు టికెట్ చూసే మనిషే ఉండడు. 13 ప్లస్, ఆపై వాటికి ఓటీటీలు లాక్ సౌకర్యం ఇవ్వాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. ఆ లాక్ వేయాల్సింది ఇంట్లోవాళ్లే.

నెత్తురు ఎంత కారిందన్నది పెద్ద లెక్క కాదు. నవ్వు దేనిమీద వస్తోందన్నదే అసలు సంగతి. భయపడి పరుగెత్తే మనిషి తడబాటుకు నవ్వడం వేరు, నొప్పితో మెలికలు తిరిగేవాణ్ణి చూసి నవ్వడం వేరు. రెండోది పదహారేళ్లకైనా మంచిది కాదు. పెద్దవాళ్లు ముందే ఒకసారి చూసి, తర్వాత పిల్లల పక్కన కూర్చోవడం మేలు. చున్నీ అంచు కళ్లకు అడ్డం పెట్టుకుని సందులోంచి నవ్వుతూ చూసే పిల్ల తట్టుకుంటున్నట్టే. నవ్వు ఆగిపోయి, చున్నీ దిగకపోతే మాత్రం రిమోట్ అందుకోవాలి.