కొత్తిమీర కట్టలో రెండు రెమ్మలు పిట్టలకి

వదినా, ఓ వదినా! ఒక్క నిమిషం ఇలా ఫెన్సు దగ్గరికి వస్తావా? మీ చిన్నది ఇందాక చెప్పింది, మీ బడ్జీ పిట్టలు ఆకు ముట్టడం లేదని, నువ్వు విసిగిపోయి ఇక గింజలే వేసేద్దామన్నావని. అందుకే పిలిచాను. పొయ్యి మీద ఏమైనా ఉంటే కట్టేసి రా, ఈ కబురు కాస్త పొడుగే.

ముందు ఒక మాట. అవి మొండికెయ్యడం లేదు వదినా. ఆకు కూడా తిండేనని వాటికి తెలియదు, అంతే. గుడ్డులోంచి బయటపడ్డ దగ్గర్నుంచీ గిన్నెలో గింజలే చూశాయి. తల్లి తిన్నది గింజ, పక్కపిట్ట తిన్నదీ గింజే. ఇప్పుడు నువ్వు ఉన్నట్టుండి ఇంత పాలకూర తెచ్చి లోపల పెడితే, ఏదో వింత వస్తువు వచ్చి పడిందని బెదిరి పైకెక్కి కూర్చుంటాయి. ఆకు తినడం వాటికి మనం నేర్పాలి. నేర్పేది ఆకలికి మాడ్చి కాదు, దగ్గర కూర్చుని.

గింజ చెడ్డదని నేననను. నువ్వు షాపులో కొన్న ఆ ఎండు కంకి ఉంది చూడు, మిల్లెట్ స్ప్రే అని రాసుంటుంది, అది మన కొర్రకంకే. డబ్బాలో తెల్లగా, నున్నగా మెరిసేవి వరిగలు. మీ అనంతపురం వైపు కొర్రన్నం ఇష్టంగా తింటారు కదా, కానీ పప్పూ కూరా లేకుండా మూడు పూటలా ఒట్టి కొర్రన్నమే పెడితే ఎన్నాళ్ళు ఒంటబడుతుంది? పిట్టకీ అంతే.

వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి మెట్టభూములు. వాన ఎక్కడ పడితే అక్కడికి గుంపులు గుంపులుగా ఎగిరిపోతాయి. నేల మీద వాలి రకరకాల గడ్డిగింజలు ఏరుకుంటాయి, పాలుపోసుకుంటున్న పచ్చి గింజలు కూడా తింటాయి. తిన్నదంతా ఎగరడానికే ఖర్చయిపోతుంది. జాన్ గూల్డ్ అనే పక్షుల శాస్త్రవేత్త 1840లో ఆస్ట్రేలియా నుంచి తిరిగొస్తూ వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకి తెచ్చాడు. అప్పట్నుంచి ఈ దేశం వాళ్ళకి వీటి మీద ఎంత ప్రేమంటే, 1925లో బడ్జీలు పెంచేవాళ్ళంతా కలిసి వాటి కోసమే ఒక సంఘం పెట్టుకున్నారు. ఇప్పటికీ ఉంది, బడ్జరిగార్ సొసైటీ అని. మన హైదరాబాదులో, విజయవాడలో లవ్‌బర్డ్స్ అని అమ్మేవి కూడా ఎక్కువగా ఇవే.

అక్కడ రోజంతా ఎగిరే పిట్ట ఇక్కడ పంజరంలో కూర్చుని ఒకే డబ్బాలోని రెండు మూడు రకాల గింజలు తింటుంటే ఏమవుతుందో చెప్తా విను. మొదట తగ్గేది విటమిన్ ఎ. ఎండు గింజల్లో అది లేనట్టే లెక్క. అది తగ్గితే నోట్లో, ముక్కులో, ఊపిరి తీసుకునే గొట్టంలో ఉండే పల్చటి పొర మందమైపోయి, జబ్బులు తొందరగా పట్టుకుంటాయి. తర్వాత అయోడిన్. అది చాలకపోతే మెడలో థైరాయిడ్ గ్రంథి వాచి గాలిగొట్టాన్ని నొక్కుతుంది. పిట్ట ఊపిరి తీసుకుంటున్నప్పుడు కీచుమని శబ్దం వస్తుంది. ఒట్టి గింజల మీద బతికే బడ్జీల్లో ఇది డాక్టర్లకి బాగా తెలిసిన జబ్బు. ఆకుల్లో అయోడిన్ పెద్దగా ఉండదు కాబట్టి దానికి అయోడిన్ ఉన్న మినరల్ బ్లాకు ఒకటి పంజరంలో పెట్టు. కాల్షియానికి ఆ తెల్లటి కటిల్‌ఫిష్ ఎముక ఎలాగూ పెట్టావు, తియ్యకు. పొద్దుతిరుగుడు గింజలు ఎక్కువైతే కొవ్వు పడుతుంది, కాలేయం పాడవుతుంది. విటమిన్ ఎ మాత్రం మన కూరగాయల్లోనే దొరుకుతుంది. క్యారెట్టులో, ఎర్ర కాప్సికంలో, ముదురాకుపచ్చ ఆకుల్లో ఉండే కెరోటిన్‌ను పిట్ట ఒళ్ళే విటమిన్‌గా మార్చుకుంటుంది.

ఈ గింజల డబ్బా అలవాటు ఇక్కడ పాతదే. న్యూకాసిల్‌లో గ్రేట్ నార్త్ మ్యూజియం ఉంది కదా, పిల్లల్ని ఎప్పుడైనా అటు తీసుకెళ్తే స్పార్కీ విలియమ్స్‌ని చూపించు. మాట్లాడే బడ్జీ. 1958లో బీబీసీ పెట్టిన పోటీలో నెగ్గింది. 500 పైచిలుకు మాటలొచ్చట దానికి. 1962లో పోతే, ఒళ్ళు పాడవకుండా భద్రం చేసి ఉంచారు. అంత పేరొచ్చిన పిట్టని ఒక గింజల కంపెనీ తన ప్రకటనల్లో పెట్టుకుంది. ఆ రోజుల్లో హాల్లో పంజరం, పంజరం పక్కన గింజల డబ్బా ఎన్నో ఇళ్ళలో ఉండేవి. అయినా పోటీలకి పిట్టలు పెంచే పాతతరం వాళ్ళు మాత్రం ఒట్టి డబ్బా మీద ఆధారపడలేదు వదినా. దొడ్లో పెరిగే చిక్‌వీడ్, డాండెలయన్ ఆకులు, గింజ పట్టిన పచ్చిగడ్డి కోసుకొచ్చి వేసేవాళ్ళు. అంటే నేను చెప్పేది కొత్త ఫ్యాషనేం కాదు, ఈ దేశంలో పిట్టలు పెంచేవాళ్ళ పాత ఆచారమే.

ఆ చిక్‌వీడ్ మన రెండు దొడ్లలోనూ ఉంది. ఇదిగో, ఈ కుండీ అంచున చూడు, తెల్లటి బుల్లి పూలు. కాడని వెలుతురుకి పట్టుకుని తిప్పి చూడు, ఒకవైపే సన్నటి నూగు గీత కనిపిస్తుంది. అదే గుర్తు. చిక్‌వీడ్ అనుకుని కోసినదాంట్లో పాలు కారితే అది వేరే మొక్క, పారెయ్. రోడ్డు పక్కదీ, కుక్కలు తిరిగే చోటిదీ, కలుపు మందు కొట్టిన లాన్‌లోదీ కోయకు. నత్తలకి చల్లే మందుల్లో మెటాల్డిహైడ్ రకాన్ని బ్రిటన్‌లో ఆరుబయట వాడకూడదని 2022 నుంచి నిషేధించారు. కానీ పాత డబ్బాలు ఇంకా ఎవరి షెడ్లో ఉన్నాయో మనకేం తెలుసు?

అంత వెతుకులాట ఎందుకంటావా, సౌతాల్‌లోని మన దుకాణాల నుంచి వారం వారం తెచ్చుకునే సంచిలోనే సగం ఉంది. కొత్తిమీర. చాలా బడ్జీలు ముందు దాన్నే ముట్టుకుంటాయి. ఆకు చిన్నది, కాడ సన్నది, ముక్కుతో పట్టుకోవడానికి వీలు. మునగాకు దొరికితే ఒక రెమ్మ. ఇక్కడి దుకాణాల్లో కేల్, బ్రాకలీ, పాక్‌చాయ్, క్యారెట్, ఎర్ర కాప్సికం, లేత మొక్కజొన్న. చలికాలంలో ఫ్రీజర్‌లో పెట్టిన పచ్చి బఠాణీ కరిగించి పెట్టినా సరే. పచ్చిమిరపకాయ పెట్టొచ్చా అని అడుగుతావేమో, నిశ్చింతగా పెట్టొచ్చు. మిరపకాయలోని ఘాటు పిట్టలకి తెలియదు, వాటి నరాలకి అది అంటదు. ఆస్టర్లీ పార్కులో గోల చేస్తూ తిరిగే ఆ పచ్చ చిలుకలు మన రామచిలుకలే కదా, మన ఊళ్ళో మిరపకాయ ఎంత ఇష్టంగా తినేవో నీకు తెలియంది కాదు.

నువ్వు పెట్టిన పాలకూర మటుకు రోజూ వద్దు. పాలకూర, చుక్కకూర, తోటకూరల్లో ఆక్సాలిక్ ఆసిడ్ ఎక్కువ, ఒంటికి అందాల్సిన కాల్షియాన్ని అది పట్టేస్తుంది. ఎప్పుడైనా ఓ ఆకు తింటే ప్రమాదమేం లేదు. దోసకాయ, ఐస్‌బర్గ్ లెట్యూస్ తింటే నీళ్ళు తాగినట్టే, పోషణ తక్కువ. పండ్లలో తీపి ఎక్కువ కాబట్టి చిన్న ముక్కతో సరి, ఆపిల్ గింజలు తీసెయ్.

ఇక నేర్పే పద్ధతి. పొద్దున్నే లేవగానే వాటికి ఆకలెక్కువ. అప్పుడు గింజల గిన్నె పెట్టే ముందు ఆకు పెట్టు. కొత్తిమీర కట్టలోంచి రెండు రెమ్మలు కడిగి, నీళ్ళు దులపకుండా, బట్టల క్లిప్పుతో అవి రోజూ కూర్చునే కర్ర పక్కనే బిగించు. పైనుంచి వేలాడితే కొన్ని బెదురుతాయి, కాబట్టి ఇంకో రెమ్మ కింద పళ్ళెంలో పరుచు. నేల మీద తినడం వాటి జాతి అలవాటే. ఆ తడి ఆకు మీద నాలుగు కొర్రలు చల్లు. గింజ కోసం ముక్కు పెడితే ఆకు రుచి దానంతటదే తగులుతుంది. క్యారెట్ నువ్వు పెట్టినట్టు ముక్కలుగా కాదు, సన్నగా తురిమి గింజల్లో కలుపు. కొర్రకంకి కట్టేటప్పుడు దాంతో కలిపి ఒక రెమ్మ చుట్టు. ఒక్కోసారి తినవు గానీ తడి ఆకు మీద పొర్లి రెక్కలు తడుపుకుంటాయి, అది వాటికి స్నానం. అడ్డుపడకు, ఆకుతో స్నేహం అలాగే మొదలవుతుంది.

అన్నిటికంటే పనిచేసేది ఇంకోటుంది. అవి గుంపులో బతికే పిట్టలు. ఒకటి తింటే రెండోది చూసి తింటుంది. మీ ఇంట్లో ఆ గుంపు మీరే. మీ చిన్నదాన్ని పంజరం ముందు కూర్చోబెట్టి, కొత్తిమీర రెమ్మ ఒకటి ముచ్చటగా నమలమను. ఒకటి పిల్లకి, ఒకటి పిట్టకి. ఒక్కరోజులో తినకపోతే నిరాశపడకు. కొన్నిటికి వారాలు పడుతుంది, కొన్నిటికి నెలలు. ఆకు మారుస్తూ, చోటు మారుస్తూ రోజూ పెట్టడమే. మిగిలింది మధ్యాహ్నానికి తీసెయ్, వాడిన ఆకులో సూక్ష్మజీవులు పెరుగుతాయి.

ఒక్కటి మాత్రం ఎప్పటికీ చెయ్యకు. ఆకలేస్తే అవే తింటాయని గింజలు ఆపెయ్యకు. పావు పిడికెడు ఉండదు ఆ పిట్ట, 30 నుంచి 40 గ్రాములు. ఒక రోజు పస్తుంటే ప్రాణం మీదికొస్తుంది. అందుకే గ్రాముల తక్కెడ ఒకటి పెట్టుకుని, రోజూ పొద్దున ఒకే వేళకి తూచి రాసుకో. 35 గ్రాముల పిట్ట 32కి దిగిందంటే ఆగి ఆలోచించాలి. ఇంకో సంగతి, గింజల గిన్నె నిండుగా కనిపించినా నమ్మకు. బడ్జీ గింజ ఒలిచి పప్పు తిని, పొట్టు గిన్నెలోనే వదిలేస్తుంది. పైన తేలే పొట్టు చూసి తిండి ఉందనుకుంటే లోపల పిట్ట ఆకలితో ఉంటుంది. రోజూ పొట్టు ఊదేసి చూడు.

ఆకు తినడం మొదలెట్టాక రెట్ట పల్చగా పడుతుంది. కంగారుపడకు, ఆకులోని నీళ్ళే అవి. మధ్యలో పచ్చటి ముద్ద, దాని మీద తెల్లటి సున్నం మామూలుగా ఉంటే మంచిదే. ఆ ముద్ద కూడా నీళ్ళయిపోయి, పిట్ట ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంటే ఆ రోజే డాక్టరుకి చూపించాలి. పిట్టలు జబ్బుని చివరిదాకా దాచుకుంటాయి వదినా. కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూసే క్లినిక్కు కాకుండా, పక్షుల్ని చూసే వెట్ ఎవరో ఇప్పుడే కనుక్కుని ఫోన్ నంబరు ఫ్రిజ్ మీద అతికించు.

మన వంటింట్లోంచి వాటికి పోకూడనివి కూడా చెప్పేస్తాను. అవకాడో విషం, అందులో పెర్సిన్ అనే పదార్థం ఉంటుంది. పిల్లలు టోస్టు మీద రాసుకుని పంజరం పక్కన తినకుండా చూడు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, కాఫీ, ఉప్పు వేసిన కూర, పచ్చళ్ళు ఏవీ వద్దు. టమాటా మొక్క ఆకులు, కాడలు, నీ దొడ్లో రూబార్బ్ ఆకులు అసలే వద్దు. తినేది కాకపోయినా చెప్పి తీరాల్సింది, నాన్‌స్టిక్ పెనం. అది మాడిపోయేలా వేడెక్కితే వచ్చే ఆవిరి మనకి తెలియదు, పిట్టలు మాత్రం నిమిషాల్లో పోతాయి. పంజరాన్ని వంటింటికి దూరంగా పెట్టి, దోసెలకి ఇనప పెనమే వాడు.

ఇంత చిన్న పిట్టకి ఇంత శ్రద్ధ అవసరమా అని అన్నయ్యగారు అనొచ్చు. ఇక్కడ చట్టమే అవసరమంటోంది. 2006లో వచ్చిన యానిమల్ వెల్ఫేర్ యాక్ట్ ఇంగ్లండులో, వేల్సులో మనం పెంచుకునే వెన్నెముక ఉన్న ఏ జీవికైనా దానికి తగిన తిండి పెట్టే బాధ్యత పెంచేవాళ్ళదే అంటుంది. గుర్రమని, బడ్జీ అని తేడా లేదు. చట్టం సంగతి అటుంచు, పంజరం తలుపు గడియ మన చేతిలో ఉన్నప్పుడు దాని ముందు ఏం పెట్టాలన్నదీ మన చేతిలోనే ఉన్నట్టు. తనంతట తాను వెతుక్కునే దారి దానికి మనం వదల్లేదు. అందుకే ఓపికపట్టి నేర్పాల్సిన బాధ్యత మన మీదే ఉంది.

సరే, నీ బస్సు టైమవుతోంది. సాయంత్రం వచ్చేటప్పుడు గ్రాముల తక్కెడ కొనుక్కో. రేపు తూచి ఎంతున్నాయో చెప్పు, ఈ చిక్‌వీడ్ కోసి కడిగి ఫెన్సు మీద పెట్టి ఉంచుతాను.