రొద్దం హనుమంతుడి ఎడమ చెయ్యి

రొద్దం చూడడానికని రొద్దం వెళ్ళేవారు తక్కువ. అక్కడ అక్కయ్యో, మేనత్తో ఉంటే వెళతారు. మా అక్కయ్యను ఆ ఊరికిచ్చారు గనుక ఏడాదికొకసారి సెలవుల్లో నేనూ వెళుతుంటాను. పెనుకొండలో బస్సు మారి పడమటికి పోతే, రాళ్ళగుట్టలూ, శెనక్కాయ చేలూ, అక్కడక్కడా చింతచెట్లూ దాటి ఊరొస్తుంది. ఊరి పక్కనే పెన్న. కర్ణాటకలో నందికొండల్లో పుట్టి, హిందూపురం ప్రాంతంలో మన రాష్ట్రంలో అడుగుపెట్టి, నెల్లూరు దాటి సముద్రంలో కలిసే పెన్న ఇదేనంటే కొత్తవారు నమ్మరు. ఇక్కడ ఏడాదిలో చాలా రోజులు ఆమెది ఇసుక రూపమే.

అక్కయ్యగారి నడవలో, దూలానికి కొట్టిన మేకుకు ఒక తోలు హనుమంతుడు వేలాడుతుంటాడు. నాలుగడుగుల పొడుగు. ఒళ్ళు ఆకుపచ్చ, కిరీటం ఎరుపు, తోక తలమీదుగా తిరిగి వచ్చింది. రంగు చాలాచోట్ల వెలిసిపోయింది. ఎడమ ముంజేతి మీద అసలే లేదు. ఈ హనుమంతుడు ఆ ఇంటి సొత్తు కాదు. తాకట్టు.

ఆ సంగతి అక్కయ్య అత్తగారు చెబుతుంది. ఆవిడకు ఎనభై దాటాయి. ఆవిడ కాపురానికి రాకముందే, ఒకానొక కరువు సంవత్సరంలో, వానలు కురవాలని ఊళ్ళో విరాటపర్వం ఆడించారట. ఈ సీమలో అది పాత ఆచారమే. ఆట ఆడారు గాని వాన పడలేదు. ఊరివాళ్ళు ఇస్తామన్న ధాన్యమూ ఇవ్వలేకపోయారు. ఆటవాళ్ళకు పిల్లలున్నారు. అప్పుడు ఆవిడ మామగారు రెండు మూటల రాగులిస్తే, ఊరికే పుచ్చుకోవడం ఇష్టంలేక, పెట్టెలోంచి హనుమంతుణ్ణి తీసి ఆయన చేతిలో పెట్టి, "మళ్ళీ వచ్చి విడిపించుకుంటాము" అని పోయారు. మళ్ళీ రాలేదు. "మనది కాదమ్మా, వస్తే ఇచ్చెయ్యాల" అని అత్తగారు ఈవిడకు చెప్పింది. ఈవిడ మా అక్కయ్యకు చెప్పింది.

ఇక మా మేనల్లుడి కథ. వాడు బెంగుళూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. చదువు సంగతి సరే, వాడికొక పిచ్చి ఉన్నది. రెజిన్ అనే జిగురు పదార్థాన్ని మూసలో పోసి గట్టిపరచిన విదేశీ రాక్షసుల బొమ్మలు తెప్పిస్తాడు. అవి జానెడు పొడుగుండి, బూడిదరంగులో, కాళ్ళూ చేతులూ విడివిడిగా వస్తాయి. వాటిని వాడు వచ్చినట్టే అతికించడు. ఒకడి చెయ్యి రంపంతో కోసి ఇంకొకడికి పెడతాడు. ముద్దలాంటి పూతతో మీసాలు దిద్దుతాడు. తర్వాత రంగులు. ముందు ఒళ్ళంతా బూడిదరంగు అడుగుపూత కొట్టాలట, లేకపోతే పైరంగు పట్టదట. ఆ పైన అసలు రంగు. దానిమీద నీళ్ళలాంటి నల్లరంగు పోస్తే అది ముడతల్లోకి జారి నీడ అవుతుంది. చివర దాదాపు ఎండిన కుంచెతో ఎత్తుగా ఉన్నచోట్ల లేతరంగు రుద్దితే వెలుగు అవుతుంది. ఈ విధంగా ఒక పాశ్చాత్య రాక్షసుడికి తొమ్మిది తలలు అదనంగా అతికించి రావణబ్రహ్మను చేశాడు. చూశాను. బాగున్నది. బల్ల మీద పెడితే, కిటికీ ఏ వైపున ఉన్నా, వాడి కండలు మాత్రం పైనుంచి వెలుగు పడినట్టే మెరుస్తున్నాయి.

ఈ వేసవిలో సెలవులకు వచ్చి, ఎవరితోనూ చెప్పకుండా, హనుమంతుడి ఎడమ ముంజేతికి రెండువైపులా ఆ బూడిదరంగు అడుగుపూత కొట్టాడు. పాపం, వాడి ఉద్దేశం మంచిదే. వెలిసిన దేవుడికి కొత్త రంగు వేద్దామనుకున్నాడు.

ఆ సాయంత్రం నేను ఊళ్ళో దిగేసరికి ఇంట్లో ఎవరూ మాట్లాడడం లేదు. అవ్వ కోపంగా ఏమీ అనలేదు. నడవలో దీపం వెనక బొమ్మను పట్టుకొని చూపించింది. ఒళ్ళంతా పాలిపోయినా పచ్చగా వెలుగుతున్నది. నగలకు పొడిచిన బెజ్జాలు చుక్కల్లా ఉన్నాయి. ఎడమ చెయ్యి మాత్రం బొగ్గు. వాడు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"ఒకరి వస్తువు కదరా" అన్నది ఆవిడ.

మర్నాడు పొద్దున బొమ్మను మడిచి, పాత పంచెలో చుట్టి, మేనల్లుణ్ణి వెంటబెట్టుకొని బయలుదేరాను. ఎక్కడికంటే నిమ్మలకుంటకు. ధర్మవరం మండలంలో ఉన్న ఈ చిన్న ఊరు తోలుబొమ్మలకు పేరుపడ్డది. ఈ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు పత్రికలన్నీ రాశాయి. "బాగు చేయించు నాయనా. వాళ్ళదే అయితే ఇచ్చేసి రా" అని అవ్వ నాకొక్కడికే చెప్పింది.

పెనుకొండలో బస్సు మారేందుకు గంటసేపు ఆగాము. ఉగ్గాని, బజ్జీలు తిన్నాము. కొండ పైకి చూస్తే కోటగోడలు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర ప్రభువులు హంపీ విడిచి ఇక్కడికే వచ్చి కొంతకాలం రాజ్యం చేశారు. గగనమహలు, బాబయ్య దర్గా ఈ ఊళ్ళోవే. ఇప్పుడు పెనుకొండ అంటే కార్ల ఫ్యాక్టరీ. 2019 నుంచి ఎర్రమంచి దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. నేను రాయలవారి సంగతులు చెబుతుంటే మావాడు ఆ కార్లకు రంగు ఎలా పడుతుందో చెప్పాడు. ఎవరి విద్య వారిది. ధర్మవరం బస్సులో కండక్టరు పంచె మూటను తట్టి, లోపలెవరని అడిగాడు. హనుమంతుడని చెప్పాను. "ఆయనకు టికెట్టెందుకు సామీ, ఎగిరి వస్తాడు" అని నవ్వి ముందుకు పోయాడు.

ధర్మవరమంటే మా కాలేజీలో ఆడపిల్లలకు పట్టుచీరెలు తప్ప మరొకటి గుర్తురాదు. ఆ మగ్గాల చప్పుడు దాటి నిమ్మలకుంట చేరేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఇళ్ళముందు తోళ్ళు లాగికట్టి ఎండబెట్టి ఉన్నాయి. గుమ్మాల్లో ఆడా మగా కూర్చుని చిన్న ఉలులతో టకటకమని పొడుస్తున్నారు. తమలో తాము మరాఠీ మాట్లాడుకుంటున్నారు. వీరి పూర్వులు ఏనాడో మహారాష్ట్రం నుంచి వచ్చినవారు. అయినా తరతరాలుగా పాడేది రంగనాథ రామాయణపు ద్విపద. ఇంట్లో ఒక భాష, తెర వెనక మరొక భాష. తెలుగు పాఠం చెప్పి జీతం పుచ్చుకునే నాకు కొంచెం సిగ్గు వేసింది.

ఎక్కువమంది చేస్తున్నవి ఆటబొమ్మలు కావు, దీపాలకు తొడిగే గుడ్డలవంటి తోలు బుట్టలు. వాటిమీద కృష్ణుడు, నెమళ్ళు, ఏనుగులు. పట్నాల్లో ఇళ్ళకూ హోటళ్ళకూ పోతాయి. ఆట చూసేవారు తగ్గిపోయాక ఈ పనే కూడు పెట్టింది. లోగడ నేను ఈ బుట్టలను వెక్కిరించినవాణ్ణే. అక్కడ కూర్చున్నాక నోరు మూసుకున్నాను.

ఒక పెద్దాయన గుమ్మంలో మూట విప్పాము. ఆయన బొమ్మను ఆకాశానికి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. దేవతల బొమ్మలకు కృష్ణజింక చర్మమూ, భీముడికీ రావణుడికీ దుప్పి చర్మమూ, తక్కినవాటికి మేకతోలూ వాడేవారని పరిశోధకులు రాశారు. ఆ చదువు పెట్టుకుని, "ఇది జింకదేనా?" అన్నాను గొప్పగా.

"మేకదే సామీ" అన్నాడాయన.

ఎడమ చెయ్యి చూసి మావాడి వంక చూశాడు. ఎవరు చేశారని అడగలేదు. ఆ పూత పోదన్నాడు. గీకితే తోలు చిరుగుతుంది, కడిగితే పాత రంగే పోతుంది. మావాడి ముఖం వాడిపోయింది. అప్పుడాయన కత్తితో మోచేతి దగ్గరి దారపు ముడి కోసి, ముంజేయిని ఊడదీసి పక్కన పెట్టాడు. అంత తేలిక! మన తోలుబొమ్మకు భుజము, మోచెయ్యి, తుంటి, మోకాలు అన్నీ విడిముక్కలు. దారంతో ముడివేసి ఉంటాయి. ఆటలో చెయ్యి చిరిగితే కొత్త చెయ్యి కడతారు. అవయవాలు మార్చడం తానే కనిపెట్టినట్టు బెంగుళూరునుంచి వచ్చినవాడు నోరు తెరిచి చూస్తున్నాడు.

కొత్త చేతికి కొలత ఎక్కడిది? ఆయన హనుమంతుడి కుడి ముంజేయిని కూడా విప్పి, తిరగేసి తోలుమీద పెట్టాడు. రెండువైపులా ఒకే బొమ్మ, ఒకే రంగు గనుక తిరగేసిన కుడిచెయ్యి ఎడమచెయ్యే. దానిచుట్టూ గీత గీశాడు.

ఆ తోలు వెనక చాలా పనున్నది. మేకతోలును వేడినీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, కడిగి, బిగువుగా లాగి ఎండబెట్టాలి. అప్పుడది నూనె పట్టిన కాగితంలా వెలుతురు దూరేటట్టు తయారవుతుంది. ముందు నల్లని రేఖ, ఆ తర్వాత బెజ్జాలు, తర్వాత రంగు. కంకణాలకూ దండకడియాలకూ రంగుతోబాటు బెజ్జాలే నగలు. ఉలి, సుత్తి మావాడి చేతికిచ్చి, కంకణపు వరుస పొడవమన్నాడు పెద్దాయన. మొదటి మూడు బెజ్జాలు వంకరపోయాయి. వాడు తోలు మార్చమని బతిమాలాడు. ఆయన వినలేదు. మేకదే అయినా అదీ ఒక ప్రాణమే గదా అన్నాడు.

రంగు దగ్గర చిన్న వాదం వచ్చింది. ఆకుపచ్చ పలచగా ఒక పూత వేశాక మావాడు అలవాటుకొద్దీ ముంజేతి కింద అంచున ముదురురంగు పట్టించబోయాడు, కండ ఉబ్బినట్టు కనబడాలని. పెద్దాయన కుంచె పట్టుకున్నాడు.

"నీడ నువ్వెయ్యబాక నాయనా. అది దీపం చూసుకుంటాది."

మావాడు కుంచె దించి ఆలోచనలో పడ్డాడు. నాకూ అప్పుడే తెలిసింది. వాడి రెజిన్ బొమ్మ మీద వెలుగూ నీడా రెండూ రంగుతోనే చేయాలి, ఎందుకంటే అది రాయిలా వెలుతురును ఆపేస్తుంది. తోలుబొమ్మకు వెలుగు వెనకనుంచి రావాలి, రంగు దానికి దారి ఇవ్వాలి. వాడి అడుగుపూత చేసిన తప్పు అదే, దారి మూసింది. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన లేపాక్షి గుడి కప్పుమీద చిత్రాలున్నాయి గదా, వాటిలోనూ ఇదే పద్ధతి. గట్టి రేఖ, మధ్యలో ఒకే రంగు. ఈ బొమ్మలకూ ఆ చిత్రాలకూ చుట్టరికమున్నదని పెద్దలంటారు. ఆ ముఖాలూ ఆ చీరెల అంచులూ చూస్తే కాదనబుద్ధి కాదు.

రెండోవైపు కూడా రంగు వేసి ఎండబెట్టేసరికి సాయంత్రమైంది. అప్పుడు నేను అసలు సంగతి ఎత్తాను. కరువు, రాగులు, తాకట్టు, అవ్వ మాట, అన్నీ చెప్పాను. ఆయన సుత్తి కింద పెట్టి విన్నాడు.

"ఏ పెట్టెదో?" అన్నాడు.

నాకు తెలియదు.

"ఆటవాళ్ళు ఒక్క ఊళ్ళోనా ఉండేది! ఏ పెట్టెదో తెలీకుండా నేనెట్ల తీసుకునేది సామీ? రేపు వాళ్ళ మనమడొచ్చి అడిగితే నేనేం చెప్పల్ల?" అని చేతి పని కూలి మాత్రం తీసుకున్నాడు. బయలుదేరేముందు బూడిదరంగు చేతిని కాగితంలో చుట్టి మావాడి చేతికిచ్చాడు. పనికిరాని బొమ్మను చెత్తలో వేయరట, పారే నీళ్ళలో వదలాలట. "మీ ఊళ్ళో పెన్న ఉంది గదా" అన్నాడు.

రాత్రి రొద్దం చేరాము. అన్నాలు కాగానే నడవలో తెల్లపంచె కట్టి, వెనక ఒక్క బల్బు పెట్టి, మావాడు హనుమంతుణ్ణి నిలబెట్టాడు. ఆముదపు దీపాల కాలంలో ఎలా కదిలేదో గాని, బల్బు ముందు కూడా వాడి చేతి వణుకుకు హనుమంతుడు ఊపిరి తీస్తున్నట్టే ఉన్నాడు. ఎడమ ముంజేయి తక్కిన ఒంటికన్న పచ్చగా, కొత్త చిగురులా ఉన్నది. కంకణంలో మూడు చుక్కలు వంకర. అవ్వ కుర్చీ ముందుకు లాక్కుని చూసింది.

"తీసుకోలేదా వాళ్ళు?"

"లేదత్తా. ఏ పెట్టెదో తెలియదన్నారు."

"అయితే ఇంకా తాకట్టే" అన్నది ఆవిడ. మనవణ్ణి పిలిచి, తడి తగలకుండా ఏ మేకుకు తగిలించాలో చూపించి, కాగితపు పొట్లం ఏమిటని అడిగింది. వాడు చెప్పాడు. ఆవిడ దాన్ని తీసుకుని దూలం సందున పెట్టించింది. ఏట్లో నీళ్ళు వచ్చిన రోజున బెంగుళూరికి కబురు పెడతాననీ, వాడే వచ్చి వదలాలనీ చెప్పింది.

ఇది రాస్తున్న నాటికి పెన్నకు నీళ్ళు రాలేదు. మావాడు మాత్రం వారానికొకసారి అవ్వకు ఫోను చేసి అడుగుతున్నాడట.