పర్సు మీద ఫొటో

పర్సు మీద పిల్లల ఫొటో చెక్కించుకునే మోజు బాగానే కనిపిస్తోంది. ఆ పని ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్ లేజర్‌దే, 10.6 మైక్రోమీటర్ల ఆ పరారుణ కిరణం కంటికి ఆనదు. తోలు పైపొరను సన్నగా మాడుస్తూ పోతుంది. ఫొటోను ముందే చుక్కలుగా విడగొడతారు: జుట్టు దగ్గర చుక్కలు కిక్కిరుస్తాయి, చెంప మీద పలచబడతాయి, కాస్త దూరం జరిగి చూస్తే ముఖం తేలుతుంది.

కమురు వాసన మాత్రం తప్పదు, అచ్చం వెంట్రుక కాలినట్టే.

తంగేడు చెక్కలాంటి బెరళ్లతో పదును చేసిన లేతరంగు తోలు మీద బొమ్మ ముదురు గోధుమ రంగులో చక్కగా పడుతుంది. అసలు భయం రెక్సిన్‌తోనే. అందులో పీవీసీ ఉంటే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ లేస్తుంది. ఊపిరితిత్తులకు చేటు, యంత్రానికి తుప్పు. పని తెలిసినవాళ్లు గిరాకీ తెచ్చిన పర్సు అంచు తిప్పి, పీచు ఉందో బట్ట ఉందో చూశాకే బేరం మాట్లాడతారు.