పెంకు తొడిగిన ఈస్ట్

జూన్ 4
చెరువు మెట్ల మీది నాచు గీకి, ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాను. డయాటమ్‌లు. ఉన్నది ఒకటే కణం, ఒంటినిండా గాజు. మనకు గాజు కావాలంటే ఇసుకను వెయ్యి డిగ్రీలు దాటించి కరిగించాలి. ఇది చన్నీళ్లలోనే ఆ పని కానిస్తుంది.

జూన్ 5
ఆ పని సిలాఫిన్లనే ప్రోటీన్లది. జర్మనీలో క్రోగర్, సుంపర్ బృందం 1999లో వాటిని విడదీసి సిలిసిక్ ఆమ్లంలో కలిపితే, నిమిషాల్లో సిలికా, అంటే ఆ గాజే, పేరుకుంది. కణంతో పనే లేదు!

జూన్ 9
డయాటమ్‌లా ఈస్ట్‌కు పుట్టుకతో ఖనిజపు పెంకు లేదు. చైనాలో ఝెజియాంగ్ విశ్వవిద్యాలయంలో రుయికాంగ్ తాంగ్ బృందం 2008లో దానికి ఒకటి తొడిగింది. కణం పైపొరది ఋణావేశం కాబట్టి ముందు ధనావేశపు పాలిమర్, దాని మీద ఋణావేశపుది, ఇలా మార్చి మార్చి పూతలు. వాటి మీద కాల్షియం ఫాస్ఫేట్ గట్టిపడింది. మరుసటి ఏడు కొరియాలో ఇన్‌సంగ్ చోయ్ బృందం సిలికాతో చేసింది.
లోపలి కణం బతికే ఉంది. మొగ్గ మాత్రం వేయదు. ఈస్ట్ సంతానం ఎక్కువగా మొగ్గల్లోంచే కదా. పరిశోధకులు దీన్ని రక్షణ అంటున్నారు. నాకైతే జోకొట్టి పడుకోబెట్టినట్టుంది.

జూన్ 13
డయాటమ్ కూడా పెంకుకు మూల్యం కడుతుంది. దాని గాజు కుంకుమ భరిణెలా రెండు చెక్కలు: మూత, అడుగు. కణం విడిపోయినప్పుడు పిల్లలకు చెరో చెక్క. వచ్చింది ఏదైనా దాన్ని మూతగానే ఉంచుకుని, లోపల ఇమిడే కొత్త అడుగు కట్టుకోవాలి. అడుగు చెక్క దక్కిన పిల్ల తల్లికన్నా చిన్నదవుతుంది. దాని పిల్లల్లో ఒకటి ఇంకా చిన్నది. ఇలా తరాల తరబడి కుదించుకుపోయి, ఒక హద్దు దగ్గర లైంగిక పునరుత్పత్తికి దిగుతుంది. పాత గాజు వదిలేసి, మెత్తటి ఒంటితో ఉబ్బి, మళ్లీ పెద్ద పెంకు కట్టుకుంటుంది. కోట్ల ఏళ్ల అనుభవమున్న జీవికే పెంకు విప్పక తప్పలేదు.

జూన్ 20
విప్పే సంగతి ఆస్ట్రేలియాలో కాంగ్ లియాంగ్, ఫాల్కారో బృందం బాగా పట్టించుకుంది. 2016లో ఈస్ట్‌కు జింక్‌తో అల్లిన జిఫ్-8 అనే స్ఫటికపు తొడుగు వేశారు. కణగోడను కొరికే ఎంజైములకు అందులో దారి లేదు. ఈడీటీఏ అనే రసాయనం పోస్తే తొడుగు ఊడింది, ఈస్ట్ మళ్లీ పెరిగింది. ఈ రెండో సగమే నాకు నచ్చింది.

జూన్ 22
వైరస్ కణం కాదు, అయినా రాసుకుంటున్నాను. పిల్లలకు చేతుల మీద, కాళ్ల మీద, నోట్లో పొక్కులు తెచ్చే ఈవీ71 వైరస్ టీకాకు తాంగ్ బృందమే 2013లో కాల్షియం ఫాస్ఫేట్ పెంకు వచ్చేలా చేసింది. ఫ్రిజ్ బయట అది మామూలు టీకా కన్నా ఎక్కువ రోజులు నిలిచింది. పెంకు తీయడానికి విడిగా మందేమీ అక్కర్లేదు. మన కణాలు మింగాక, వాటి లోపలి సంచుల్లోని ఆమ్లానికి కాల్షియం ఫాస్ఫేట్ కరిగిపోతుంది.